బియ్యం గుంజే బిళ్ళ కోసం చర్ల దాకా

ఇది ఒక మహాయాత్ర. ఇందులో దండకారణ్యం ఉంది, గోదావరి ఉంది, తరతరాలుగా పూజగూట్లో దాగిన నిధి ఉంది, ఆ నిధి కోసం అడవి అంచున మాటువేసిన ముఠా ఉంది. మండే ఎండలో ప్రాణాలకు తెగించి ఒంటరిగా బయలుదేరిన వీరుడు కూడా ఉన్నాడు.

ఇప్పుడు నిజం. దండకారణ్యాన్ని పల్లెవెలుగు బస్సు కిటికీలోంచి చూశాను, ఆ కిటికీ కూడా సగమే తెరుచుకుంది. ముఠాలో ఒక్కడే ఉన్నాడు, అతనికి జలుబు చేసింది. నిధిని చేత్తో పట్టుకున్నాను, బజారులో దానికి ఒక చాయ్ రాదు. వీరుడు దారిలో రెండుసార్లు నిద్రపోయి పక్కాయన భుజం మీద వాలిపోయాడు. అయినా రాస్తున్నాను. చర్ల వైపు వెళ్ళాలనుకునేవాళ్ళకు బస్సుల సంగతైనా పనికొస్తుంది.

శుక్రవారం సాయంత్రం మా పద్మక్క ఫోన్ చేసింది. అక్కది సారపాక. బావ రాంబాబు అక్కడి కాగితం మిల్లులో ఒక కాంట్రాక్టరు కింద పనిచేస్తాడు.

"అరేయ్ చిన్నా, నీకు బిళ్ళల సంగతి ఎరుకే గదా?"

"ఎరుకే అక్కా. ఏమైంది?"

"మీ బావకు పిచ్చి లేసింది. నీకున్న పిచ్చే. జల్దీ రా."

మిగతాది అక్క తిట్లు తీసేసి చెబితే ఇదీ. వాళ్ళ అత్తమ్మ పూజగూట్లో ఒక పాత రాగి బిళ్ళ దొరికింది. ఒకవైపు రాముడు, ఇంకోవైపు ఇంగ్లీషు అక్షరాలు. అది బియ్యం గుంజుతుందని బావకు ఎవరో చెప్పారు. చర్లలో ఒక పార్టీ ఉంది, సైంటిస్టును పిలిపించి పరీక్ష చేయించి కోట్లకు అమ్మిపెడతారట. అంతవరకు బిళ్ళ ఉన్న మనిషి చర్ల దాటకూడదు, ఇనుము ముట్టుకోకూడదు. పరీక్ష ఖర్చు కింద బండి రాసివ్వాలి. బావ డ్యూటీ దిగి, బిళ్ళను దూదిలో చుట్టుకుని, అదే బండి మీద చర్ల వెళ్ళిపోయాడు. ఆదివారం పొద్దున బండి కాగితాల మీద సంతకం పెడతాడట.

కానీ సోమవారం మొదటి షిఫ్టుకు బావ మిల్లులో ఉండాలి. మోతపని నుంచి తీసి మిషన్ మీద హెల్పరుగా వేస్తానని కాంట్రాక్టరు మాటిచ్చాడు. ఆ మాట కోసం బావ ఎన్నేళ్ళు దుంగలు మోశాడో అక్కకు తెలుసు. రాకపోతే ఇంకొకడి పేరు రాసుకుంటానని కూడా కాంట్రాక్టరు చెప్పాడు. అదొక్కటే ఆయన గట్టిగా ఇచ్చిన మాట.

బియ్యం గుంజడం అంటే ఏంటో తెలియని అదృష్టవంతుల కోసం: ఫలానా పాత రాగి బిళ్ళకో చెంబుకో పిడుగు పడి శక్తి వస్తుందని, దగ్గర పెడితే బియ్యపు గింజలు వాటంతట అవే వచ్చి అతుక్కుంటాయని, అలాంటిదాన్ని రాకెట్లు పంపేవాళ్ళు ఎంతైనా పెట్టి కొంటారని ఒక నమ్మకం. దీనికి రైస్ పుల్లర్ అని ఇంగ్లీషు పేరు కూడా ఉంది. రాకెట్లు పంపేవాళ్ళకు బియ్యంతో ఏం పని అని ఇంతవరకు ఎవరూ అడిగినట్టు లేదు.

శనివారం ఆరింటికి ఖమ్మంలో కొత్తగూడెం మీదుగా భద్రాచలం వెళ్ళే బస్సు ఎక్కాను. ఆడవాళ్ళు ఆధార్ కార్డులు చూపించి జీరో టికెట్లు తీసుకున్నారు, నేను డబ్బిచ్చి టికెట్టు తీసుకుని నిలబడ్డాను. జూలూరుపాడు దాటాక ఒక పెద్దాయన పక్కన సీటు దొరికింది. మిర్చి యార్డులో సరుకు అమ్మి వస్తున్నాడని ఆయన చెప్పకముందే నా ముక్కుకు తెలిసింది.

"యాడికి పోతున్నవ్?" అన్నాడు తుమ్ము ఆపుకుంటున్న నన్ను చూసి.

"ఒక బిళ్ళను చూడనీకి తాతా."

"దవాఖాన బిళ్ళనా?"

"కాదు, పైసల బిళ్ళ. నేను పాతవి పోగేస్త."

"మరి మంచి దందానే."

మంచి దందా కాదు, అది ఆయనకు వివరంగా చెప్పాను. మీకూ చెబుతాను. ఆయన మధ్యలో నిద్రపోయాడు, మీకూ ఆ వీలుంది.

నాణేలు పోగుచేసేవాళ్ళలో అంతస్తులు ఉంటాయి. పైన శాతవాహనుల సీసపు నాణేలవాళ్ళు. వాళ్ళు ఎవరితోనూ మాట్లాడరు. తర్వాత నిజాం వెండివాళ్ళు, దొరల రూపాయలవాళ్ళు, పాత అణాలు, బేడలవాళ్ళు. అట్టడుగున నేను. నేను పోగుచేసేవి ఏ చేతా మారనివి, ఏ కొట్లోనూ చెల్లనివి. వీటిలో రెండు రకాలు. ఒకటి ప్రభుత్వమే కొట్టి, మఖ్మల్ పెట్టెలో పెట్టి, దాని మీద వేసిన విలువకన్నా ఎక్కువకు అమ్మేది. ఎవరో మహానుభావుడి జయంతికో, ఏదో సంస్థ వార్షికోత్సవానికో వేస్తారు. పేరుకు డబ్బే. దాంతో చాయ్ తాగబోతే కొట్టువాడు బిళ్ళనూ నన్నూ కలిపి బయట పెడతాడు. రెండో రకం అసలు ఏ ప్రభుత్వానికీ తెలియకుండా పుట్టింది. అందులో మన దగ్గర ఎక్కువ కనిపించేవి రామటంకాలు. ఒకవైపు రాముడి దర్బారు, ఇంకోవైపు ఈస్టిండియా కుంపిణీ పేరు, ఒక అణా, 1818. కుంపిణీ దొరలు అలాంటి అణా ఏనాడూ కొట్టలేదు. వాళ్ళు లండన్‌లో కూర్చుని రాముడి పట్టాభిషేకం అచ్చు వేయించారని నమ్మాలంటే దొరల గురించి ఏమీ తెలిసి ఉండకూడదు. అవి పూజలో పెట్టుకోవడానికి గుడి దగ్గర కొట్లలో అమ్మిన బిళ్ళలు. తారీఖు వేస్తే పాతగా కనిపిస్తుందని ఎవరో వేశారు. అది బాగా పనిచేసింది.

ఖమ్మంలో మా నాణేల సంఘం అధ్యక్షులవారు నా డబ్బా చూసి, "బాబూ, నాణెం అంటే చేతులు మారి అరిగిపోవాలి. ఇది బొమ్మల కొలువు" అన్నారు. సంఘంలో అందరూ నవ్వారు. అందరూ అంటే ఇద్దరు.

కొత్తగూడెంలో బస్సు ఆగినప్పుడు రెండు మిరపకాయ బజ్జీలు తిన్నాను. అక్కడ ఒక హైదరాబాద్ జంట సూట్‌కేసులతో ఎక్కింది. భద్రాచలం రోడ్ అనే స్టేషన్‌లో రైలు దిగి, గుడి ఎటు అని అడిగి, గంటకు పైగా దూరం అని విని అప్పటికే ఒకసారి గొడవపడి వచ్చినట్టున్నారు.

"స్టేషన్‌కి భద్రాచలం అని పేరెందుకు పెట్టినట్టు మరి?" అన్నాడు భర్త కండక్టర్‌తో.

"రోడ్ అని గూడ పెట్టిండ్రు గదా సార్. ఇదే ఆ రోడ్" అన్నాడు కండక్టరు టికెట్టు చింపుతూ.

కనుక మీరు రైల్లో వచ్చినా బస్సు తప్పదు.

పాల్వంచ దాటాక జామాయిల్ దుంగల లారీలు వరుసకట్టి కనిపిస్తే సారపాక వచ్చినట్టే. తొమ్మిదిన్నరకు దిగాను. అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది. శనివారం కాబట్టి పప్పుచారు, వంకాయ కూర. తింటుంటే ఎదురుగా కూర్చుని పరీక్ష పేపర్ ఇచ్చే ముందు మాస్టారు చెప్పినట్టు చెప్పింది.

"నా మాట ఇనడు. నీ మాట గూడ ఇనడు. కానీ బిళ్ళల ముచ్చట నువ్వు తీస్తే మీటింగుల కూసున్నట్టు కూసుంటడు. అది ఉత్తదని చెప్పి తోల్కరా."

"సరే."

"ఇంకొకటి. ఆ బిళ్ళను నువ్వు అడగొద్దు. నీ మొఖం నాకు ఎరుకే. మిఠాయి దుకాణం కాడ నిలవడ్డట్టు నిలవడ్తవ్. నువ్వు అడిగినవంటే, అది నిజమైనదే, నా బామ్మర్ది కొట్టేయ చూస్తుండు అంటడు. ఇగ సచ్చినా ఇడ్వడు."

అలాంటివి నా దగ్గర డబ్బా నిండా ఉన్నాయి, నాకెందుకు అన్నాను. అప్పటికి నిజమే చెప్పాను.

ఆటోలో వంతెన దాటి భద్రాచలం బస్టాండ్ చేరాను. ఎండకు గోదావరి ఇసుకలోకి ముడుచుకుపోయి ఉంది. చర్ల బస్సు పన్నెండున్నరకు అని రాసి ఉంది, ఒంటిగంటకు కదిలింది. దుమ్ముగూడెం దాటాక తునికాకు మోపులు బస్సు నడవలోకి వచ్చాయి, వాటి వెనక వాటి మనుషులు. నా పక్కన ఒక కోయ అవ్వ కూర్చుంది. మెడలో రూపాయి బిళ్ళల దండ. రాణిగారి తల, రాజుగారి తల, వెండివి, అన్నీ అసలైనవి. మా సంఘం అధ్యక్షులవారు చూస్తే బస్సులోనే సాష్టాంగపడేవారు. నేను వంగి తారీఖులు చదువుతున్నాను. అవ్వ తన భాషలో ఏదో అంది. ముందు నాలుగు సీట్లవాళ్ళు నవ్వారు.

"ఏమంటుంది?" అని ముందు సీట్లో ఉన్న అంగన్‌వాడీ టీచర్‌ను అడిగాను.

"ఆ దండ మనవరాలి పెండ్లికి ఇస్తదట. నీకు గంత నచ్చితే ముందు మనవరాలిని అడుగు అంటుంది."

తర్వాత చర్ల వచ్చేవరకు బయటి చెట్లనే చూశాను. చెట్లు బాగున్నాయి.

ఊరికి ముందు పోలీసులు బస్సు ఆపి కొత్త మొహాలను పలకరించారు. కొత్త మొహం నాదొక్కటే.

"ఏం పని మీద వచ్చినవ్?"

అబద్ధం ఆడదామంటే ఒక్కటీ తట్టలేదు. "మా బావ దగ్గర ఒక పాత బిళ్ళ ఉంటే..."

"బియ్యం గుంజేదా?" అన్నాడు కానిస్టేబులు విసుగ్గా. "రంగాపురం దిక్కు ఒకాయన చెంబు పట్టుకోని తిరుగుతుండు. మీది బిళ్ళనా. పో పో."

జీవితంలో ఒక్కసారి ఒక ముఠా గుట్టు తెలిసినవాడిలా భయపడదామనుకుంటే ఆ అవకాశమూ పోయింది.

అక్క చెప్పిన గుర్తుల ప్రకారం బావ ఉన్న గది బస్టాండ్ వెనక సందులో. అప్పటికి మూడున్నర. తలుపు తీసినాయన బాత్రూమ్ చెప్పులు వేసుకుని, ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని ఉన్నాడు. పేరు శేషగిరి, సత్తుపల్లి వైపాయన. ముఠా అంటే ఈయనే.

"రండి రండి. రాంబాబు గారి బామ్మర్ది గారా? చెప్పులు బయటే విడవండి, మేకులుంటాయి. ఇనుము పనికిరాదండి" అని తుమ్మాడు.

బావ చాప మీద కాళ్ళు మడుచుకుని, విస్తరాకులో పెరుగన్నం తింటున్నాడు. స్టీలు కంచం నిషేధమట. నన్ను చూసి పట్టుబడ్డవాడిలా కాక, చుట్టం వచ్చినట్టే నవ్వాడు.

"అక్క తోలిందా?"

"అవ్. బావా, ఇనుము ముట్టొద్దన్నరంట గదా. మరి బండి మీద ఎట్లొచ్చినవ్?"

"గ్రిప్పులు రబ్బర్‌వి. సీటు రెగ్జిన్‌ది" అన్నాడు బావ. ఆలోచించే వచ్చాడన్నమాట.

అన్నం అయ్యాక చెయ్యి కడుక్కుని, ప్లాస్టిక్ డబ్బా తెరిచి, దూది విప్పాడు. ఫోన్ తీయబోతే శేషగిరి గారు నా చెయ్యి పట్టుకున్నారు. ఫోన్ కిరణాలు తగిలితే శక్తి దిగిపోతుందట. అందుకని ఫోటో లేదు, నా మాట మీదే మీరు నమ్మాలి.

బిళ్ళను అరచేతిలోకి తీసుకున్నాను. వెనకవైపు మామూలే: కుంపిణీ, అణా, 1818. తిప్పాను. తిప్పాక కాసేపు నాకు ఏమీ వినపడలేదు. మామూలు రామటంకాల్లో రాముడికి రెండు చేతులు, పక్కన సింహాసనం మీద సీతమ్మ. ఇందులో రాముడికి నాలుగు చేతులు. సీతమ్మ ఎడమ తొడ మీద కూర్చుంది. శంఖం కుడిచేతిలో, చక్రం ఎడమచేతిలో. దేవుడి బొమ్మలన్నిటిలో చక్రం కుడివైపు ఉంటుంది. అది ఎడమకు మారేది భద్రాచలం కొండ మీదే. అంటే ఇక్కడివాడు ఎవడో, పాత అచ్చు చూసి వేస్తూ, మా రాముడు ఇలా ఉండడే అనుకుని సరిదిద్దుకుని, సొంతంగా అచ్చు చెక్కించుకున్నాడు. దొంగ నాణేనికి స్థానిక ప్రతి. నేను ఇలాంటిది చూడలేదు, ఉందని వినలేదు. నా డబ్బాలో ఉన్నవాటన్నిటినీ దీని పక్కన పెడితే సిగ్గుతో లేచి వెళ్ళిపోతాయి.

అక్క చెప్పిన మిఠాయి దుకాణం మొహం అప్పుడు పెట్టే ఉంటాను.

"ఎట్లుంది?" అన్నాడు బావ.

"ఉత్త బిళ్ళ బావా. జాతరల అమ్మిందే."

"నేనూ గట్లనే అనుకున్న. కానీ గుంజింది. నా కండ్లతోని చూసిన. నువ్వూ చూడు."

ఒక పొట్లం విప్పి, విస్తరాకు మీద బియ్యం పోశాడు. ఎర్రగా, గులాలు రంగులో ఉన్నాయి. బిళ్ళను వాటి మీద మెల్లగా ఆనించి పైకెత్తాడు. గింజలు పైకి వచ్చాయి. ఒకటీ రెండూ కాదు, బిళ్ళ చుట్టూ గడ్డంలా వేలాడాయి. శేషగిరి గారు తువ్వాలు దించి దండం పెట్టారు.

నేనూ ఒక్క క్షణం దండం పెట్టబోయాను. తర్వాత ఒక గింజను రెండు వేళ్ళతో నలిపాను. వేళ్ళు జిడ్డుగా మెరిశాయి. అత్తరు వాసన.

"బావా, ఇవి ఏం బియ్యం?"

"ఏం బియ్యమేంది? స్వామివారి కల్యాణం తలంబ్రాలు. నవమికి తెచ్చినయ్. ఇంత పెద్ద శక్తిని సన్నబియ్యంతోని పరీక్ష చేస్తరా ఎవరన్న?"

ఇలాంటి తప్పు మా జిల్లాలోనే జరుగుతుంది. మిగతా దేశంలో మోసపోయేవాళ్ళు కనీసం పొడి బియ్యంతో మోసపోతారు. మావాళ్ళు భక్తి కొద్దీ నెయ్యి, పసుపు, గులాలు, అత్తరు పట్టించిన తలంబ్రాలతో పరీక్ష పెట్టారు. పైగా మే నెల. నెయ్యి కరిగి, గింజలు దేనికి అంటుకుందామా అని చూస్తున్నాయి.

శేషగిరి గారు వంటకు తెచ్చుకున్న సంచిలోంచి పిడికెడు మామూలు బియ్యం తీసి ఆకు మీద పోశాను. బిళ్ళను తుడిచి, ఆనించి, ఎత్తాను. ఒక్క గింజ రాలేదు.

"మామూలు బియ్యానికి ఏం శక్తి ఉంటది?" అన్నాడు బావ.

"శక్తి బిళ్ళదా, బియ్యానిదా?"

నా జేబులో పది రూపాయల బిళ్ళ ఒకటి ఉంది. తలంబ్రాల మీద ఆనించి ఎత్తాను. గింజలు వచ్చాయి, గడ్డంతో సహా.

శేషగిరి గారు ముందుకు జరిగారు. ఆయన కళ్ళు వెలిగాయి.

"అంటే... పది రూపాయల బిళ్ళ కూడా పుల్లరేనండీ? నా దగ్గర సీసా నిండా ఉన్నాయి. కొట్లో ఎవరూ తీసుకోట్లేదు."

ఆయనకు అర్థం కావడానికి ఇంకాస్త కష్టపడాల్సి వచ్చింది. సబ్బుపెట్టె మూత అద్దాను, గింజలు వచ్చాయి. నా దువ్వెన అద్దాను, వచ్చాయి. ఆఖరికి బావ చెయ్యి పట్టుకుని బొటనవేలు అద్దాను. వేలు ఎర్రగా, గింజలతో పైకి లేచింది.

"బావా, సైంటిస్టు వస్తే నీ బొటనవేలు చూపియ్యి. మంచి రేటు పలుకుతది."

బావ నవ్వలేదు. వేలినీ నన్నూ మార్చి మార్చి చూశాడు. "మరి గంత ఉత్తదైతే, ఇందాక చేతిల వట్టుకోని గంతసేపు ఎందుకు చూసినవ్? కండ్లల్ల నీళ్ళు గూడ దిరిగినయ్."

"గులాలు పడ్డది."

"సరే." బావ బిళ్ళను తుడిచి నా ముందు పెట్టాడు. "ఉత్తదే గదా. నువ్వే తీస్కపో. ఊరికే ఇస్త. తీస్కుంటవా?"

శేషగిరి గారు తుమ్మబోయి ఆగారు.

బావ కళ్ళు నా మొహం మీద ఉన్నాయి, బిళ్ళ మీద లేవు. తీసుకుంటాను అంటే అక్క చెప్పినట్టే అవుతుంది. పొద్దున సంతకం పెడతాడు, సోమవారం మిల్లు గేటు దగ్గర ఇంకొకడి పేరు పిలుస్తారు. నాలుగు చేతుల రాముడు చాప మీద నుంచి నన్ను చూస్తున్నాడు. చక్రం ఇంకా ఎడమచేతిలోనే ఉంది.

"నాకొద్దు బావా" అన్నాను. "ఇసొంటివి నా దగ్గర డబ్బా నిండ ఉన్నయ్. పెట్టనీకి జాగ లేదు."

గొంతు మామూలుగానే వచ్చింది. నా జీవితంలో నేను చేసిన నటన అంతా అదే, దానికి ప్రేక్షకులు ఇద్దరు.

బావ ఇంకాసేపు చూసి, బిళ్ళను వెనక్కి తీసుకున్నాడు. బిళ్ళను దూదిలో చుట్టలేదు. చెకింగ్ అయిపోయాక బస్సు టికెట్టును తోసినట్టు చొక్కా జేబులోకి తోసేశాడు. సన్నబియ్యంతో నమ్మలేదు, బొటనవేలితో నమ్మలేదు. నాకొద్దు అన్న మాటతో నమ్మాడు.

"అంటే సైంటిస్టు గారు రారా?" అన్నారు శేషగిరి గారు.

"మీరు ఆయన్ని చూసిండ్రా ఎప్పుడన్నా?" అన్నాను.

"లేదండి. పై పార్టీ ఉంది. నా చెంబు పరీక్షకని నా బండి కూడా వాళ్ళకే ఇచ్చానండి, నిరుడు. రాంబాబు గారి బండి ఇస్తే నాది వదుల్తామన్నారు." అంతలో ఏదో తట్టినట్టు, "అయితే నా బండి..." అని ఆగారు. ఆ వాక్యం పూర్తి చేయడానికి ఆయనకు మేమెవరమూ సాయం చేయలేదు. బావ లేచి వెళ్ళి ఆయనకు జలుబు మాత్రలు తెచ్చిచ్చాడు.

సాయంత్రం ముగ్గురం మెస్సులో కోడిగుడ్డు కూరతో అన్నం తిన్నాం. స్టీలు కంచాల్లోనే. చర్లలో బస కావాలంటే బస్టాండ్ చుట్టుపక్కల గదులు దొరుకుతాయి. మంచం అడగండి, చాప వాళ్ళే ఇస్తారు.

ఆదివారం పొద్దున బావ బండి తీశాడు. గేటు దగ్గర శేషగిరి గారు సంచీతో నిలబడి ఉన్నారు. చేతిలో రాగి చెంబు లేదు, గదిలోనే వదిలేశారట. "భద్రాచలం దాకా దింపుతారా? సత్తుపల్లి బస్సు అక్కడ దొరుకుద్ది. ఇంటికెళ్ళి చాలా రోజులైందండి." ముగ్గురం ఒకే బండి మీద, ఆయన మధ్యలో, ప్రతి తుమ్ముకూ బండి కాస్త పక్కకు జరుగుతూ, అడవి దాటాం. నిన్నటి కానిస్టేబులు మమ్మల్ని చూసి ఆపబోయి, ముగ్గురి మొహాలూ చూసి వదిలేశాడు. ఇప్ప చెట్ల కింద నీడ బాగుంది. అందం గురించి అంతకన్నా రాయలేను, నాకు సీటు సగమే దక్కింది.

శేషగిరి గారిని బస్టాండ్‌లో దింపాం. బస్సు ఎక్కాక కిటికీలోంచి బావతో, "మీ బామ్మర్ది గారు మంచోరండి. ఆశ లేని మనిషి" అన్నారు.

నేను వేరే వైపు చూశాను.

పదిన్నరకు బావ గుడి దగ్గర బండి ఆపాడు. ఇంత దూరం వచ్చి దర్శనం చేసుకోకపోతే అక్క ఊరుకోదట. ఆదివారం కాబట్టి వరుస మెట్ల కింది దాకా ఉంది. లోపల చూసింది కాసేపే. శంఖం కుడిచేతిలో, చక్రం ఎడమచేతిలో. నేను బావ జేబు వైపు చూశాను, అచ్చు సరిపోయింది.

బయటికి వచ్చేటప్పుడు బావ హుండీ దగ్గర ఆగి, జేబులోంచి బిళ్ళ తీశాడు.

"బావా, ఏంజేస్తున్నవ్?"

"అమ్మ పూజల వెట్టింది. ఇంట్లకు మళ్ళ తీస్కపోతే మీ అక్క నా నెత్తి మీద కొడ్తది." బిళ్ళను ఒకసారి కళ్ళకు అద్దుకున్నాడు. "యాడ చెల్లకున్నా ఈడ చెల్లుతది."

నా చెయ్యి నాకు తెలియకుండానే ముందుకు వెళ్ళింది. దండం పెట్టడానికి అనుకుని బావ పక్కకు జరిగి చోటిచ్చాడు. గుడ్డ మూతి లోపల టక్కుమని చిన్న చప్పుడు. దాని మీద ఎవరో ఆడమనిషి నోట్ల మడత వేసింది.

మెట్లు దిగుతూ బావ అన్నాడు, "నీకు కావాల్నేమో అనుకున్న చిన్నా. నిన్న అడిగినవనుకో, అప్పుడు అనుమానపడేటోణ్ణి. పొద్దున అడిగితే ఇచ్చేటోణ్ణి. నువ్వేమో జాగ లేదంటివి."

"అవ్ బావా" అన్నాను. "జాగ లేదు."

చెప్పుల స్టాండ్ దగ్గర నా చెప్పులు ఉన్నాయి. ఆ రోజు నాకు దక్కినవి అవే.

మధ్యాహ్నం సారపాకలో అక్క కోడికూర వండింది. బావ కాంట్రాక్టరుకు ఫోన్ చేసి, రేపు మొదటి షిఫ్టుకు వస్తున్నానని చెప్పాడు. చెప్పేటప్పుడు లేచి నిలబడ్డాడు. అక్క నా కంచంలో రెండోసారి ముక్కలు వేసింది. వంటింట్లోంచి, "మొఖం ఏంది గట్ల ఉంది?" అని అడిగింది. ఎండ అన్నాను. సోమవారం బావ షిఫ్టుకు వెళ్ళాడని, ఒళ్ళంతా గ్రీజుతో ఇంటికి వచ్చి, చేతులు కడుక్కోకుండా అందరికీ చూపించాడని తర్వాత తెలిసింది.

మూడున్నరకు ఖమ్మం బస్సు దొరికింది. సీటు కూడా దొరికింది. పక్కన కూర్చున్న కుర్రాడు కోచింగ్‌కు వెళ్తున్నాడు, ఒళ్ళో ఫిజిక్స్ పుస్తకం. ఎక్కడి నుంచి అన్నా అని అడిగాడు. చర్ల నుంచి అన్నాను. ఏం చూశావు అన్నాడు. దేశంలో ఇంకెవరి దగ్గరా లేని ఒక దొంగ నాణేన్ని, దాని అసలు విలువ తెలిసిన ఒకే ఒక మనిషి వద్దని చెప్పి, అది దేవుడి పెట్టెలో పడేటప్పుడు దండం పెట్టాడు అని చెప్పాలనిపించింది. "అడవి" అన్నాను. వాడు తలూపి పుస్తకంలోకి వెళ్ళిపోయాడు.

మొత్తం మీద యాత్ర మంచిదే. చర్ల బస్సులు ఆలస్యం, మనుషులు మంచివాళ్ళు, తలంబ్రాలు జిడ్డు. సాయంత్రం పూట భద్రాచలం నుంచి ఖమ్మం వచ్చే బస్సులో కుడివైపు సీట్లకు దారి పొడుగునా ఎండ కొడుతుంది. ఎడమవైపు కూర్చోండి.